నరకకుండం: పేరు పక్క దీవికి పోయిన కొండ

మా బడి రోజుల్లో భూగోళ పాఠం అగ్నిపర్వతాలను మూడు రకాలుగా విడదీసేది: రగులుతున్నవి, నిద్రాణమైనవి, చల్లారిపోయినవి. మన దేశం వంతు వచ్చేసరికి రెండు వాక్యాలతో సరిపెట్టేవారు. అండమాన్ సముద్రంలో బ్యారెన్, నార్కొండం అనే రెండు దీవులున్నాయి, మొదటిది నిద్రాణం, రెండోది చల్లారినది, అంతే. ఖాళీలు పూరించే ప్రశ్న కోసం ఆ జవాబు కంఠతా పట్టి 1991లో నేను పదో తరగతి పరీక్షలు రాశాను. ఆ మార్చి నెలాఖరులోనే బ్యారెన్ కొండ నిప్పులు చిమ్మడం మొదలుపెట్టింది. అంతకుముందు అది బద్దలవుతుండగా చూశామని నికరంగా రాసిపెట్టినవారు 1803-04 నాటి నావికులు. దాదాపు 187 ఏళ్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న కొండను నిద్రాణమనడంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ మాటను మనుషులు తమ ఆయుష్షును కొలబద్దగా పెట్టుకుని అల్లారని, కొండకు వేరే లెక్క ఉందని నాకు తెలిసి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ దీవిని నేను చూసింది ఒక్కసారే, అదీ ఓడ మీద నుంచి. మా పెద్దమ్మ గారి అబ్బాయి ఉద్యోగరీత్యా పోర్ట్ బ్లెయిర్ వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. ఆ ఊరికి 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు గాని, అక్కడి మనవాళ్ల నోట ఇంకా పాత పేరే పలుకుతోంది. మనవాళ్లంటే తక్కువమందేమీ కారు. 2011 జనగణన ప్రకారం ఆ ద్వీపాల జనాభాలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారే. రాత్రి బయలుదేరిన ఓడ ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్లు ప్రయాణించి తెల్లవారుతుండగా దీవి దగ్గరకు చేరింది. దీవి అభయారణ్యం కాబట్టి దిగనివ్వరు, చుట్టూ తిప్పి తీసుకొస్తారు. నేను రెయిలింగు పట్టుకుని కన్నార్పకుండా చూస్తుంటే మా అన్నయ్య నవ్వి, "మాకిది మీ ఊళ్లో గోదావరికి వరదొచ్చిన వార్త లాంటిదిరా. వింటాం, మర్చిపోతాం" అన్నాడు.

తూర్పు వైపు నుంచి చూస్తే బ్యారెన్ దీవి పేరుకు తగినట్టు బీడుగా ఉండదు. నిటారైన గోడల మీద పచ్చని చెట్లు దట్టంగా పెరిగి, అండమాన్‌లోని మరే దీవిలాగో కనిపిస్తుంది. ఓడ పడమటి వైపుకు తిరిగేసరికి ఆ పచ్చదనం ఒక్కసారిగా తెగిపోతుంది. అటువైపు గోడ విరిగి పెద్ద వాకిలి తెరుచుకుని ఉంటుంది, ఆ వాకిలి లోపల బూడిద రంగు శంఖాకారపు కొండ నిలబడి ఉంటుంది, దాని పాదం నుంచి నల్లని లావా నాలుకలు సముద్రం దాకా సాగి ఉంటాయి. దీవి అడ్డుకొలత మూడు కిలోమీటర్లకు మించదు. పాత అంచు ఎత్తు సముద్రమట్టానికి సుమారు 354 మీటర్లు. అయితే చుట్టూ సముద్రం 2,250 మీటర్ల దాకా లోతుంటుంది, కొండ మొదలు ఆ అడుగున ఉంది. అంటే మొత్తం ఎత్తులో కంటికి కనిపించేది ఏడో వంతు మాత్రమే. ఒడ్డు నుంచి నేల అంత ఏటవాలుగా దిగిపోతుంది కాబట్టే లంగరు దించడానికి అనువైన చోటు దొరకదని పద్దెనిమిదో శతాబ్దపు నావికుల నుంచి నేటి ఓడల సిబ్బంది దాకా అందరూ ఒకే మాట చెబుతారు.

అసలు అక్కడ కొండ ఎందుకు పుట్టింది? భారత భూఫలకం తూర్పు అంచున, సముద్రపు అడుగు బర్మా ఫలకం అనే చిన్న ఫలకం కిందికి ఏటవాలుగా, కొంత పక్కకు రాసుకుంటూ దూరిపోతోంది. ఇది సుమాత్రా నుంచి అండమాన్ మీదుగా మయన్మార్ దాకా సాగే ఒకే పెద్ద అంచు. దక్షిణాన సుమాత్రా అగ్నిపర్వతాలు, ఉత్తరాన మయన్మార్‌లోని పోపా పర్వతం, నడుమ బ్యారెన్, నార్కొండం, ఇవన్నీ ఒకే దారానికి గుచ్చిన పూసలు. కిందికి దూరుతున్న ఫలకం రాపిడికి వేడెక్కి కరిగిపోయి లావా అవుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అసలు కారణం నీరు. కోట్ల ఏళ్లు సముద్రం కింద నానిన ఆ రాయి తన ఖనిజాలలో నీటిని బిగించుకుని లోపలికి తీసుకుపోతుంది. సుమారు వంద కిలోమీటర్ల లోతున, ఒత్తిడికీ వేడికీ ఆ ఖనిజాలు విచ్చిపోయి నీటిని వదిలేస్తాయి. ఆ నీరు పైనున్న వేడి రాతిలోకి ఎక్కినప్పుడు దాని ద్రవీభవన స్థానం పడిపోతుంది. వేడి పెరగకుండానే రాయి కరగడం మొదలవుతుంది. ఐసు గడ్డ మీద ఉప్పు చల్లితే నిప్పు లేకుండానే నీరు కారడం మనకు తెలిసిందే, ఇదీ ఆ కోవకే చెందుతుంది. అలా పుట్టిన శిలాద్రవం తన చుట్టూ ఉన్న రాతి కంటే తేలిక కాబట్టి పైకి వస్తుంది, వచ్చేటప్పుడు ఆ నీటిని ఆవిరిగా తనలో ఇముడ్చుకుని వస్తుంది. ఉపరితలం దగ్గర ఒత్తిడి తగ్గినప్పుడు ఆ ఆవిరి తన్నుకు రావడమే విస్ఫోటనం.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే మనసొప్పదు. జనం ఉండే అండమాన్ దీవులేవీ ఈ అగ్నిపర్వతాల వరుసకు చెందినవి కావు. కిందికి దూరుతున్న ఫలకం మీది మట్టి, ఇసుకరాయి, పాత సముద్రపు అడుగు ముక్కలు పై ఫలకం అంచుకు గీరుకుని కుప్పపడి పైకి లేచిన దీవులవి. బారాటాంగ్‌లో పర్యాటకులకు చూపించే బురద అగ్నిపర్వతంలో అగ్ని లేనే లేదు. లోతున చిక్కుకున్న వాయువులు బురదను పైకి నెట్టే చిన్న గుంట అది. దాన్ని చూసి వచ్చి అగ్నిపర్వతం చూశామని చెప్పుకునేవారితో వాదించడం నేను మానేశాను గాని, రెండింటినీ ఒకే గాటన కట్టిన కరపత్రాలు చూసినప్పుడల్లా చిరాకు మాత్రం వేస్తుంది.

మాది కొవ్వూరు ప్రాంతం. పంగిడి క్వారీల నల్లరాయి కంకర లారీల్లో పోతుంటే చూస్తూ పెరిగాను. అదీ లావా గడ్డకట్టిన బసాల్టే, వయసు సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లు. పడమటి కనుమల వైపు పొంగిన దక్కను లావా నాటి నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దూరం ప్రవహించి రాజమండ్రి దాకా వచ్చిందని కొందరు శాస్త్రవేత్తల నిర్ణయం. బ్యారెన్ రాయి కూడా బసాల్టే, అక్కడక్కడ దాని దగ్గరి చుట్టమైన బసాల్టిక్ ఆండెసైట్. చూడ్డానికి రెండూ నలుపే అయినా పుట్టుకలు వేరు. దక్కను లావా నీటి సాయం పెద్దగా లేకుండా, లోతు నుంచి వచ్చిన వేడికి, వరదలా పొంగింది. బ్యారెన్ లావా కొద్దికొద్దిగా, ఆవిరితో కలిసి, తుంపులు తుంపులుగా ఎగజిమ్ముతుంది. దాని రాతిని విరిస్తే నల్లటి ముద్దలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు తెల్లని స్ఫటికాలు, నువ్వుల ఉండలో కొబ్బరి పలుకుల్లా, దండిగా కనిపిస్తాయి. వాటిలో కాల్షియం పాలు అసాధారణంగా ఎక్కువ. నీరు కలిసిన శిలాద్రవంలోనే అటువంటి స్ఫటికాలు బాగా పెరుగుతాయి కాబట్టి, పైన చెప్పిన నీటి కథకు ఆ తెల్లని పలుకులే సాక్ష్యం.

దీవి నిర్మాణంలో రెండు తరాలున్నాయి. బయటి గోడ పాత కొండ తాలూకు శేషం. ఆ గోడ లోపలి ముఖంలో పాత లావా పొరలు, వాటి నడుమ బూడిద, రాళ్లు, వానకు తడిసి బురదై జారిన బూడిద గడ్డకట్టిన పొరలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి, ఆ పొరలను నిలువుగా చీల్చుకుని వచ్చిన లావా గోడలూ అక్కడక్కడ ఉన్నాయి. ఆ పాత కొండ నడినెత్తి ఎప్పుడో కూలిపోయి సుమారు రెండు కిలోమీటర్ల వెడల్పున గుండ్రటి పళ్లెంలా గుంట ఏర్పడింది. లోపలి శిలాద్రవం ఒక పెద్ద విస్ఫోటనంలో ఖాళీ కాగా కప్పు కుంగిపోయిందని ఒక వాదం. పడమటి పార్శ్వం సముద్రంలోకి జారిపోవడంతో అటువైపు వాకిలి తెరుచుకుందని మరో వాదం. రెండూ జరిగి ఉండవచ్చని నాకనిపిస్తుంది. రెండో తరం ఆ పళ్లెం నడుమ పెరిగిన శంఖాకారపు కొండ. అది పొడి రాళ్ల కుప్ప, లావా తునకలు పైనుంచి పడి పడి పేరుకున్నది. దాని ఎత్తు 19వ శతాబ్దపు సర్వేలో సుమారు 300 మీటర్లు. ప్రతి విస్ఫోటనానికీ ఇది ఓ చోట పెరుగుతుంది, మరో చోట తరుగుతుంది కాబట్టి ఈ దీవి పటం ఎప్పుడు గీసినా పాతబడిపోతూనే ఉంటుంది. సముద్రం దాకా సాగిన లావా నున్నగా పారిన రకం కాదు. కమ్మరి కొలిమి దగ్గర పారబోసిన ఇనుప చిట్టెంలా గరుకుగా, పదునుగా, ముక్కలు ముక్కలుగా ఉంటుంది.

మనుషులు రాసిపెట్టుకున్న చరిత్ర 1787తో మొదలవుతుంది. ఆ మే నెలలో అటుగా పోతున్న కోల్‌బ్రూక్ అనే అధికారి కొండ శిఖరం నుంచి లేస్తున్న పొగ స్తంభాన్ని చూశాడు. 1789 మార్చిలో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ దీవిని సమీపించాడు. పోర్ట్ బ్లెయిర్ అనే పేరు ఈయన పేరు మీదుగా వచ్చినదే. మూడు నాలుగు టన్నుల బరువైన రాళ్లను కొండ ఎగరేస్తోందని ఆయన నివేదించాడు. 1803 నవంబరులో హార్స్‌బర్గ్ అనే నావికుడు పది నిమిషాలకోసారి క్రమం తప్పకుండా పేలుళ్లు చూశాడు. ఆ తరువాత వచ్చినవారికి కనిపించింది ఆవిరి, గంధకం, తీరాన వేడినీటి ఊట, అంతే. ఆ ఊట కూడా మొదట్లో చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండేదని, దశాబ్దాలు గడిచేకొద్దీ చల్లబడుతూ వచ్చిందని వచ్చిపోయినవారి రాతలను వరుసగా పెట్టి చూస్తే తేలుతుంది.

ఆ కాలంలోనే బ్యారెన్‌కు యూరప్‌లో వింత ప్రఖ్యాతి వచ్చింది. చార్లెస్ లయెల్ తన భూవిజ్ఞాన గ్రంథంలో దీని బొమ్మ వేయించాడు. అయితే దీవిలో దిగి చూసినవారు అప్పటికి అతి తక్కువ కావడంతో, గోడకూ లోపలి కొండకూ మధ్యనున్న పల్లం సముద్రపు నీటితో నిండి ఉంటుందన్న పొరపాటు చాలాకాలం చలామణీ అయింది. నిజానికి అక్కడ ఉన్నది ఎండిన లావా, బూడిద. లోకమంతా ఉదహరించిన కొండ గురించి ఇంత మోటు పొరపాటు అంతకాలం నిలవడం నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే ముచ్చటైన భాగం.

1884లో భారత భూవిజ్ఞాన సర్వే తరఫున ఎఫ్.ఆర్. మాలెట్ రెండు దీవులనూ పరిశీలించి వివరమైన నివేదిక రాశాడు. పేరు సంగతి తవ్వింది కూడా ఆయనే. నార్కొండం అన్న మాటలో నరకం వినిపిస్తోందని, అది నరకకుండమై ఉండవచ్చని, పాత పేర్ల పుట్టుకను పరిశోధించిన హెన్రీ యూల్ అంతకుముందే ఊహించాడు. కానీ నార్కొండం అడవి కప్పిన కొండ, దానికి బిలమే లేదు, చల్లారి వేల ఏళ్లయింది. నిప్పుల కుండమంటే ఎత్తైన గోడల నడుమ పొగలు కక్కే బ్యారెన్‌కే సరిపోతుందని, పాతకాలపు నావికుల నోట రెండు దీవుల పేర్లు తారుమారై ఉంటాయని మాలెట్ అభిప్రాయపడ్డాడు. తెలుగువాడికి మాత్రం 'కొండం' వినగానే కుండం కంటే ముందు కొండే గుర్తొస్తుంది. నేనూ కొంతకాలం ఆ మోజులో పడ్డాను. చెవికి తోచిన పోలికకు మించి ఆధారం ఏదీ కనిపించక వదిలేశాను. మాలెట్ ఊహ కూడా ఊహే. అయినా అది నిజమైతే, మన నావికులెవరో ఎప్పుడో ఆ కొండ రగులుతుండగా చూసి పెట్టిన పేరన్నమాట. అప్పుడు చరిత్ర 1787 కంటే చాలా వెనక్కి పోతుంది.

1991 విస్ఫోటనం సుమారు ఆరు నెలలు సాగింది. లావా పడమటి వాకిలి గుండా పారి సముద్రంలో కలిసింది, ఆ చోట ఆవిరి మేఘాలు లేచాయి. రెండేళ్ల తరువాత వెళ్లి చూసిన పరిశోధకులకు దీవి మీద అంతకుముందు నమోదైన 16 పక్షి జాతుల్లో ఆరే కనిపించాయి. 1994 డిసెంబరు నుంచి 1995 జూన్ దాకా మరోసారి లావా పారింది. ఆపైన పదేళ్ల విరామం తరువాత 2005 మే 28న మొదలైన దశ చాలాకాలం సాగి, అప్పటి నుంచి కొద్దిపాటి విరామాలతో కొండ రగులుతూనే ఉంది.

2005 అనగానే అందరికీ అంతకు ఐదు నెలల ముందు, 2004 డిసెంబరు 26న వచ్చిన సుమాత్రా-అండమాన్ భూకంపం గుర్తొస్తుంది. సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున ఫలకాల అంచు చీలిన ఆ కుదుపే కొండను లేపిందని చాలామంది రాశారు. అంత పెద్ద భూకంపం చుట్టుపక్కల ఒత్తిడులను మారుస్తుంది, అప్పటికే సిద్ధంగా ఉన్న శిలాద్రవానికి దారి ఇవ్వనూ వచ్చు. ఆ వాదాన్ని నేను కొట్టిపారేయను. కానీ 1991లో, 1994లో కొండ లేచినప్పుడు ముందు అటువంటి భూకంపమేదీ లేదు. 1941 జూన్‌లో అండమాన్‌ను కుదిపేసిన భారీ భూకంపం తరువాత బ్యారెన్ బద్దలైనట్టు ఎక్కడా నమోదు కాలేదు. ఒక కొండకూ ఒక భూకంపానికీ ముడివేయడానికి ఐదు నెలల దగ్గరితనం సరిపోదని నా అభిప్రాయం.

2017 జనవరి 23న గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వారు సింధు సంకల్ప్ నౌక మీద దీవి దగ్గర సముద్రపు అడుగు మట్టి నమూనాలు తీస్తుండగా, కొండ ఉన్నట్టుండి బూడిద చిమ్మడం మొదలుపెట్టింది. ఐదు పది నిమిషాలకోసారి ఎగజిమ్మడం చూశారు. పగటి వెలుగులో బూడిద మేఘాలే కనిపించాయి, పొద్దు గుంకాక ఎర్రని లావా చిమ్మనగ్రోవిలా లేచి కొండ వాలు మీదుగా జారడం కనిపించింది. ఇటలీలోని స్ట్రాంబోలి దీవి పేరు మీదుగా శాస్త్రవేత్తలు స్ట్రాంబోలియన్ అనే రకం ఇదే: పెద్ద బుడగలుగా చేరిన వాయువు లావా ఉపరితలాన్ని పగులగొట్టుకుని వస్తూ, కాస్త ఊపిరి తీసుకుని, మళ్లీ పగలడం. 214 ఏళ్ల క్రితం హార్స్‌బర్గ్ గడియారం పెట్టుకుని చూసిన పది నిమిషాల లయ, వీళ్లు చూసిన లయ దాదాపు ఒకటే.

ఇక రాయి తానుగా రాసుకున్న చరిత్ర. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలూ వారి సహచరులూ రాతిలో చిక్కుకున్న ఆర్గాన్ వాయువును కొలిచి వయసు తేల్చే పద్ధతిలో లెక్కగట్టి, నీటిపైకి వచ్చాక పారిన లావాల్లో అన్నిటికంటే పాతవాటి వయసు 15 లక్షల 80 వేల ఏళ్లని 2015లో ప్రకటించారు. ఆ లావా పైకి వచ్చే దారిలో పెకలించుకుని తెచ్చిన కొన్ని ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు మరీ పాతవి, సుమారు 10 కోట్ల 60 లక్షల ఏళ్లవి. అంటే కొండ కింది నేల కొండ కంటే ఎన్నో రెట్లు ముసలిది. దీవికి ఆగ్నేయంగా సముద్రపు అడుగున తవ్వి తీసిన మట్టి స్తంభంలో విడివిడిగా ఏడు బూడిద పొరలు దొరికాయి. వాటిలో పాతవి దాదాపు 70 వేల ఏళ్ల నాటివి. మన 1787, 1991, 2005 సంవత్సరాలన్నీ ఆ మట్టిలో వేలి మందం కూడా రావు.

ఇదే అగ్నిపర్వతాల వరుస మన నేల మీద కూడా ఒకసారి సంతకం పెట్టింది. సుమారు 74 వేల ఏళ్ల క్రితం సుమాత్రాలోని తోబా బద్దలైనప్పుడు ఆ బూడిద బంగాళాఖాతం దాటి వచ్చి పడింది. ఇప్పటి నంద్యాల జిల్లాలో బనగానపల్లె దగ్గర, జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో, వానలకు కొట్టుకొచ్చి పేరుకున్న ఆ బూడిద కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందాన ఉంది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం తవ్వకాల్లో ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని, అంత విపత్తు తరువాత కూడా అక్కడ మనుషుల జాడ ఉందని 2007లో ప్రచురించారు. బూడిద పొర ఉన్న ఊరికి జ్వాలాపురమని పేరు ఉండడం కాకతాళీయమే. శాస్త్రవేత్తల కంటే ముందే ఊరివారు ఆ తెల్లని పొడిని తవ్వి అమ్ముకునేవారు, పాత్రలు తోమే పొడిలో కలపడానికి.

బ్యారెన్‌కు కాపలా మనిషి ఎవరూ లేరు. ఎప్పుడో మనుషులు వదిలివెళ్లిన మేకల సంతతి, పావురాలు, గబ్బిలాలు, ఎలుకలు, అవే అక్కడి నివాసులు. కొండ వేడిని ఉపగ్రహాలు గమనిస్తాయి, విమానాలకు బూడిద హెచ్చరికలు ఆస్ట్రేలియాలోని డార్విన్ కేంద్రం నుంచి వెలువడతాయి, నౌకాదళం వారు అటుగా పోయినప్పుడు చూసి చెబుతారు. 2025 సెప్టెంబరు 13న, 20న వచ్చిన చిన్న విస్ఫోటనాల సంగతి అలాగే బయటికి వచ్చింది. మబ్బు పట్టిన రోజున ఉపగ్రహానికి కొండ కనిపించదు. మా ఓడ పడమటి వాకిలి ముందు మలుపు తిరుగుతున్నప్పుడు, ఉదయం 5 గంటల 50 నిమిషాలకు, శిఖరం మీద మట్టి రంగు పొగ ముద్ద ఒకటి లేచి, దక్షిణానికి వాలి, రెండు నిమిషాల్లో చెదిరిపోయింది. ఇంటికి వచ్చాక ఆ తేదీ కోసం అందుబాటులో ఉన్న నివేదికలన్నీ వెతికాను. ఆ వారమంతా మబ్బులే, ఎక్కడా ఏమీ నమోదు కాలేదు. నా నోటు పుస్తకంలో మాత్రం పెన్సిలుతో రాసిన ఒక ముక్క ఉంది.